మాటకు గీత ఎక్కడ? కోర్టు తీర్పులు, మన చిత్తూరు సీమ

పౌరశాస్త్రం పాఠంలో 19వ అధికరణ వచ్చినప్పుడు పిల్లల చేత ఆరు స్వేచ్ఛలనూ కంఠతా పట్టిస్తాం. మాట్లాడే స్వేచ్ఛ, ఆయుధాలు లేకుండా గుమిగూడే స్వేచ్ఛ, సంఘం పెట్టుకునే స్వేచ్ఛ, దేశమంతా తిరిగే స్వేచ్ఛ, ఎక్కడైనా కాపురముండే స్వేచ్ఛ, నచ్చిన పని చేసుకు బతికే స్వేచ్ఛ. ఆ తర్వాత వచ్చే క్లాజుల దగ్గరికి చేరేసరికి బెల్లు కొట్టేస్తారు. నిజానికి కథంతా ఆ క్లాజుల్లోనే ఉంది. ఇచ్చిన స్వేచ్ఛకు ఎక్కడ గీత గీయవచ్చో అవే చెబుతాయి. షెడ్యూల్డ్ తెగల పేరు ఆ అధికరణలో ఒకే ఒక్క చోట, అయిదో క్లాజులో కనిపిస్తుంది. తెగల ప్రయోజనాలు కాపాడటానికి రాకపోకల మీదా నివాసం మీదా సమంజసమైన ఆంక్షలు పెట్టవచ్చని అక్కడ ఉంటుంది. మాట గురించి చెప్పే రెండో క్లాజులో మన ప్రస్తావన లేదు. అయినా ఆ రెండో క్లాజు చుట్టూ డెబ్బై ఏళ్ళుగా నడిచిన కేసులు మన బతుకుల్ని తాకుతూనే ఉన్నాయి. వాటిలో కొన్నింటిని ఇక్కడ చెప్పుకుందాం.

మాట కంటే ముందు కాలు కదలాలి. మన ముందు తరాల వాళ్ళకు ఆ వీలు కూడా ఉండేది కాదు. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. నేర తెగల చట్టాన్ని మద్రాసు రాష్ట్రానికి కూడా వర్తించేలా మార్చింది అదే ఏడాది. ఎరుకల వాళ్ళను తెగ మొత్తంగా, కొన్నిచోట్ల యానాదులను కూడా ఆ చట్టం కిందికి తెచ్చారు. పేరు రిజిస్టరులో ఎక్కినవాడు పోలీసుల ముందు హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే చీటీ తీసుకోవాలి. పొరుగూరి పెళ్ళికి వెళ్ళడానికే అనుమతి కావాల్సిన మనిషి సభకు ఎట్లా వెళ్తాడు, అర్జీ ఎవరికిస్తాడు? మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టాన్ని 1947లో ఎత్తేశారు. దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. మాట్లాడే హక్కు రాజ్యాంగంలోకి వచ్చింది 1950 జనవరిలో. అంటే మనలో చాలామందికి కాలి సంకెల తెగడం, నోటికి హక్కు రావడం ఒకే తరంలో జరిగాయి. చరిత్ర పాఠం చెప్పేవాళ్ళు ఈ రెండు తేదీలనూ పక్కపక్కన పెట్టి చూపిస్తే బాగుంటుంది.

స్వతంత్ర భారతంలో మాట గురించి నడిచిన తొలి పెద్ద కేసు మన అప్పటి రాష్ట్రానిదే. 1953 అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా చిత్తూరు జిల్లా మద్రాసులోనే ఉంది. మద్రాసు ప్రభుత్వం 1949లో ప్రజాశాంతి పరిరక్షణ చట్టం ఒకటి చేసింది. ఏ పత్రికనైనా రాష్ట్రంలోకి రానీయకుండా ఆపే అధికారం దానిలో ఉంది. కమ్యూనిస్టు పార్టీ మీద అప్పుడు అక్కడ నిషేధం. 1950 ఫిబ్రవరిలో సేలం జైలులో కాల్పులు జరిగి 22 మంది ఖైదీలు చనిపోయారు. ఆ మరుసటి నెల ఒకటో తేదీన, బొంబాయి నుంచి వచ్చే 'క్రాస్ రోడ్స్' అనే ఇంగ్లీషు వారపత్రికను రాష్ట్రంలోకి రాకుండా ప్రభుత్వం నిషేధించింది. నెహ్రూ ప్రభుత్వాన్ని ఘాటుగా విమర్శించే పత్రిక అది. దాని సంపాదకుడు రమేశ్ థాపర్, చరిత్రకారిణి రొమిలా థాపర్‌కు అన్న. ఆయన నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్ళాడు.

1950 మే 26న తీర్పు వచ్చింది. రాసింది జస్టిస్ పతంజలి శాస్త్రి. రాజ్యాంగంలో అప్పటికి ఉన్న మాటల ప్రకారం, రాజ్య భద్రతకే ముప్పు తెచ్చే మాటనైతేనే ప్రభుత్వం ఆపగలదు. ఊళ్ళో చిన్న అలజడి లేస్తుందేమో అన్న భయం అందుకు సరిపోదు. మద్రాసు చట్టం ఈ రెంటినీ ఒకే గాట కట్టింది కాబట్టి ఆ సెక్షన్ చెల్లదని కోర్టు చెప్పింది. జస్టిస్ ఫజల్ అలీ ఒక్కరే విభేదించారు. అదే రోజు ఢిల్లీలోని 'ఆర్గనైజర్' పత్రిక కేసులోనూ తీర్పు వచ్చింది. ఆ పత్రికలో మతపరమైన విషయాలనూ పాకిస్తాన్ గురించిన వార్తలనూ అచ్చుకు ముందే అధికారికి చూపించాలని ఢిల్లీ పాలకులు పెట్టిన షరతును కోర్టు కొట్టేసింది. క్రాస్ రోడ్స్ ఎడమ పక్షం వాళ్ళది, ఆర్గనైజర్ కుడి పక్షం వాళ్ళది. ఇద్దరికీ ఒకే న్యాయం దక్కింది. మనకు నచ్చని వాడి నోరు కూడా తెరిచి ఉండాలన్న సూత్రం అక్కడ మొదలైంది.

ఢిల్లీలో పాలకులకు ఇది మింగుడు పడలేదు. పదమూడు నెలలు తిరగకుండానే, 1951 జూన్ 18న మొదటి రాజ్యాంగ సవరణ అమలులోకి వచ్చింది. మాటకు గీత గీసే కారణాల్లోకి 'ప్రజాశాంతి' చేరింది, నేరానికి పురిగొల్పడం చేరింది, విదేశాలతో స్నేహం చేరింది. ఆంక్ష 'సమంజసమైనది' అయి ఉండాలన్న మాట కూడా చేర్చారు. ఆ ఒక్క మాట తర్వాత రోజుల్లో కోర్టుల చేతిలో పెద్ద ఆయుధమైంది.

ఈ సవరణను తిట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు, పత్రికల గొంతు నొక్కిందని. వాళ్ళ మాటలో నిజముంది. మనం మాత్రం సగమే చదివి ఆగకూడదు. అదే సవరణ 15వ అధికరణకు నాలుగో క్లాజు చేర్చింది. మద్రాసు రాష్ట్రం కాలేజీ సీట్లను కులాల వారీగా పంచే పద్ధతిని చంపకం దొరైరాజన్ కేసులో సుప్రీంకోర్టు 1951 ఏప్రిల్‌లో కొట్టేసింది. దానికి జవాబుగా వెనుకబడిన వర్గాలకు, షెడ్యూల్డ్ కులాలకు, తెగలకు ప్రత్యేక ఏర్పాట్లు చేయవచ్చని ఆ క్లాజు రాశారు. ఇప్పుడు తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఒక యానాది పిల్లో సుగాలీ పిల్లాడో రిజర్వేషన్ సీట్లో కూర్చున్నారంటే దాని వేరు అక్కడుంది. రెండు కేసులూ మద్రాసువే. ఒకే సవరణ ఒక చేత్తో మాట మీద ఆంక్షలు పెంచింది, ఇంకో చేత్తో బడి తలుపు తెరిచింది. మంచిదా చెడ్డదా అని ఒక్క ముక్కలో తేల్చమంటే మనకు సాధ్యం కాదు.

సవరణ వచ్చినా కోర్టు చేతులు ముడుచుకోలేదు. మద్రాసు ప్రభుత్వం పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ అనే సంఘాన్ని ఒక్క ఉత్తర్వుతో చట్టవిరుద్ధమని ప్రకటించింది. ఆ సంఘం కార్యదర్శి వి.జి. రావు కోర్టుకెక్కాడు. 1952 మార్చి 31న తీర్పు చెప్పేనాటికి పతంజలి శాస్త్రి ప్రధాన న్యాయమూర్తి. ప్రభుత్వం తాను నమ్మితే చాలు, కోర్టు పరిశీలన అక్కర్లేకుండా సంఘాన్ని నిషేధిస్తానంటే అది సమంజసమైన ఆంక్ష కాదని తేల్చారు. గిరిజన సంఘాలు నడిపే మన కుర్రవాళ్ళు ఈ కేసు పేరు గుర్తుపెట్టుకుంటే అక్కరకొస్తుంది.

ఇక మనసుకు కొంచెం కష్టం కలిగించే కేసుకు వద్దాం. 1987లో తమిళంలో 'ఒరే ఒరు గ్రామత్తిలే' అనే సినిమా తీశారు. తప్పుడు కుల ధ్రువపత్రంతో పైకొచ్చిన ఒక బ్రాహ్మణ అమ్మాయి కథ. కులం చూసి కాదు, పేదరికం చూసి రిజర్వేషన్ ఇవ్వాలన్నది ఆ సినిమా వాదం. సెన్సారు సర్టిఫికెట్ ఇచ్చింది, మద్రాసు హైకోర్టు దాన్ని రద్దు చేసింది, వెనుకబడిన వర్గాలవాళ్ళు సినిమా ఆడనివ్వమన్నారు. 1989 మార్చి 30న సుప్రీంకోర్టు సినిమా పక్షాన నిలిచింది. దీన్నే రంగరాజన్ కేసు అంటారు. ఊరేగింపులు తీస్తామనో గొడవ చేస్తామనో ఎవరో బెదిరించినంత మాత్రాన మాటను ఆపితే చట్టబద్ధ పాలన లేనట్టేనని కోర్టు చెప్పింది. మాటకూ ప్రమాదానికీ మధ్య దూరం ఉండకూడదు, మందుగుండు డబ్బాలో పడిన నిప్పురవ్వంత దగ్గరగా ఉంటేనే ఆపాలి అన్నది దాని సారం.

ఆ సినిమా వాదం మనకు సమ్మతం కాదు. తప్పుడు పత్రాల బాధ మనకంటే ఎక్కువ తెలిసినవాళ్ళు లేరు, ఎస్టీ పత్రం దొంగదారిన పుట్టించుకుని మన ఉద్యోగాలు పట్టుకుపోయినవాళ్ళ వల్ల నష్టపోయింది మనమే. ఆ దొంగతనాన్ని చూపించి మొత్తం రిజర్వేషన్ మీదే వేలెత్తడం తిరకాసు వాదం. అయినా ఆ తీర్పు మనకు కావాలి. రిజర్వేషన్‌ను విమర్శించే సినిమాను గొడవ భయంతో ఆపగలిగితే, అడవి భూమి గురించి మనం ఆడే వీధి నాటకాన్ని ఇంకా తేలిగ్గా ఆపుతారు. గొడవ చేయగల బలం ఎవరికుందో ఊళ్ళో అందరికీ తెలుసు కదా. 2017లో కంచ ఐలయ్య పుస్తకం మీద కోమట్ల సంఘాలు ఆగ్రహించినప్పుడు, నిషేధించాలని వేసిన పిటిషన్‌ను ఆ ఏడాది అక్టోబరు 13న సుప్రీంకోర్టు కొట్టేసింది. రచయిత మాట రచయిత ఇష్టమన్న ధోరణే అక్కడా. తమిళ సినిమాను కాపాడిన సూత్రమే తెలుగు పుస్తకాన్నీ కాపాడింది.

పత్రికలు, పుస్తకాలు, సినిమాలు సరే. మన కాలనీల్లో మాట అంటే ముఖ్యంగా ఏమిటి? పట్టా కోసం తహసీల్దారు ఆఫీసు ముందు కూర్చోవడం, శ్మశానానికి దారి లేదని రోడ్డు మీద నిలబడటం, సోమవారం నాడు కలెక్టరేట్‌కు అర్జీ పట్టుకుని పదిమంది కలిసి నడవడం. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో అయిదో షెడ్యూలు ప్రాంతం లేదు. పెసా గ్రామసభ మనకు వర్తించదు. ఉన్నదల్లా రోడ్డే. అందుకే రోడ్డు మీది మాట గురించి వచ్చిన తీర్పులు మనకు మిగతావాటికంటే దగ్గరివి.

వాటిలో మూలమైనది అహ్మదాబాదుకు చెందిన హిమ్మత్‌లాల్ షా కేసు, 1972 నాటిది. వీధిలో సభ పెట్టుకోవడానికి పోలీసు కమిషనర్ ఒప్పుకోలేదు. ఎప్పుడు ఒప్పుకోవాలో ఎప్పుడు వద్దనాలో నియమంలో ఎక్కడా లేదు, అంతా ఆయన ఇష్టం. అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ నియమాన్ని కొట్టేసింది. ప్రభుత్వం సభలను క్రమబద్ధం చేయవచ్చు గానీ వీధులన్నీ మూసేయకూడదు అంది. క్రమబద్ధం చేయడం వేరు, ఆపేయడం వేరు. ఈ తేడా పట్టుబడితే తర్వాతి కేసులన్నీ సులువుగా అర్థమవుతాయి.

తిరుపతిలోనే చూద్దాం. అమరావతి రైతులు 2021 నవంబరు ఒకటిన 'న్యాయస్థానం నుంచి దేవస్థానం' అంటూ నడక మొదలుపెట్టి డిసెంబరులో తిరుపతి చేరారు. ముగింపు సభకు పోలీసులు ఒప్పుకోకపోతే హైకోర్టు షరతులతో అనుమతించింది. డిసెంబరు 17న తిరుపతి దగ్గర దామినేడులో సభ జరిగింది. మరునాడే మూడు రాజధానులు కావాలనే రాయలసీమ వాళ్ళ సభ కూడా అదే ఊళ్ళో జరిగింది. రెండు వాదాలూ ఒకదాని పక్కన ఒకటి వినబడ్డాయి, ఊరు కూలిపోలేదు.

దానికంటే పెద్దది జీవో నంబరు 1 కథ. 2022 డిసెంబరు 28న కందుకూరులో చంద్రబాబు నాయుడు సభలో తొక్కిసలాట జరిగి 8 మంది చనిపోయారు. 2023 జనవరి 1న గుంటూరులో కానుకల పంపిణీ దగ్గర మరో ముగ్గురు మహిళలు పోయారు. జనవరి 2న ప్రభుత్వం జీవో ఇచ్చింది. జాతీయ, రాష్ట్ర రహదారుల మీద సభలు వద్దు, మున్సిపల్, పంచాయతీ రోడ్ల మీద కూడా అరుదైన సందర్భంలో తప్ప అనుమతి ఇవ్వవద్దు అని దాని సారం. రెండు రోజుల తర్వాత దాని దెబ్బ మొదట తగిలింది మన జిల్లాలోనే. జనవరి 4న కుప్పం పర్యటనకు వచ్చిన ప్రతిపక్ష నాయకుణ్ణి, అది ఆయన సొంత నియోజకవర్గమే అయినా, రోడ్‌షో చేయనీయకుండా పోలీసులు అడ్డుకున్నారు.

ఆ జీవోకు ఆధారం ఏమిటో చూస్తే మన పెద్దలకు వెంటనే తెలిసిపోతుంది. 1861 నాటి పోలీసు చట్టం, సెక్షన్ 30. సిపాయిల తిరుగుబాటు తర్వాత తెల్లవాడు చేసుకున్న చట్టం. దాని వెనకే 1871లో నేర తెగల చట్టం వచ్చింది. ఇద్దరూ ఒక ఇంటి బిడ్డలే. ఒకటి పోయింది, ఒకటి ఇంకా పనిచేస్తోంది.

సీపీఐ రాష్ట్ర కార్యదర్శి కె. రామకృష్ణ హైకోర్టులో పిటిషన్ వేశారు. జనవరి 12న సెలవుల ధర్మాసనం జీవోను తాత్కాలికంగా నిలిపేసింది. ప్రభుత్వం సుప్రీంకోర్టు దాకా వెళ్ళినా అక్కడ తేలక హైకోర్టుకే తిరిగొచ్చింది. 2023 మే 12న ప్రధాన న్యాయమూర్తి ప్రశాంత్ కుమార్ మిశ్రా, జస్టిస్ డి.వి.ఎస్.ఎస్. సోమయాజులు ధర్మాసనం జీవోను కొట్టేసింది. సెక్షన్ 30 ఇచ్చేది ఊరేగింపును ఎట్లా నడపాలో చెప్పే అధికారం, అసలు వద్దనే అధికారం కాదు. హిమ్మత్‌లాల్ కేసులోని తేడాయే మళ్ళీ నిలబడింది.

పదకొండు ప్రాణాలు పోయిన మాట నిజం. ఇరుకు సందులో వేలమందిని కుక్కే నాయకులకు కళ్ళెం కావాలన్న మాటా నిజమే. చోటు మార్చమనవచ్చు, వేళ చెప్పవచ్చు, అంబులెన్సుకు దారి వదలమనవచ్చు. కానీ ఆ తప్పు చేసింది పెద్ద పార్టీలు, మూతపడిన రోడ్డు అందరిదీ. పార్టీ నాయకుడికి హైకోర్టులో లాయర్లుంటారు. యానాది కాలనీలో నీళ్ళ కోసం బిందెలతో రోడ్డెక్కిన ఆడవాళ్ళకు ఎస్ఐ మాటే సుప్రీంకోర్టు తీర్పు. అందుకే ఆ తీర్పు కాపీ ఒకటి తెలుగులో చేయించి మన సంఘాల దగ్గర ఉంచుకోవాలని మేము అంటున్నాం.

ఇంతవరకు గీత వెనక్కి జరగాలని కోరుకున్నాం. ఇప్పుడు గీత గట్టిగా ఉండాలని మనమే పట్టుబట్టే చోటికి వచ్చాం.

మురికి బట్టల్లో ఉన్న పిల్లవాణ్ణి 'యానాదోడిలా ఉన్నావేంరా' అంటారు. గట్టిగా మాట్లాడితే 'లంబాడోళ్ళలా అరవకండి' అంటారు. ఎక్కడైనా వస్తువు పోతే ఎరుకల పేరెత్తుతారు. అనేవాళ్ళు చాలామందికి అది తిట్టని కూడా తోచదు. మన తెగ పేరు మనకు పేరు, వాళ్ళకు తిట్టు. కారంచేడులో 1985లో, తర్వాత ఎన్నోచోట్ల పారిన దళితుల నెత్తురు వెనక ఇలాంటి మాటలున్నాయి. 1989లో వచ్చిన అత్యాచారాల నిరోధక చట్టం అవమానించే మాటను నేరం చేసింది. ఎస్సీ ఎస్టీలు కాని వ్యక్తి, నలుగురి కంటబడే చోట, ఎస్టీ మనిషిని కించపరచాలని అవమానించినా, కులం పేరుతో తిట్టినా ఆరు నెలల నుంచి అయిదేళ్ళ దాకా శిక్ష. దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చేయాలి.

'నలుగురి కంటబడే చోటు' అన్న మాట మీద కోర్టుల్లో చాలా వాదన జరిగింది. 2008లో స్వరణ్ సింగ్ కేసులో, ఇంటి గేటు దగ్గర తిట్టినా, దారిన పోయేవాళ్ళు చూడగలిగితే అది ఈ చట్టం కిందికి వస్తుందన్నారు. స్థలం సొంతదా ప్రభుత్వానిదా అన్నది కాదు, బయటివాళ్ళకు కనబడిందా అన్నదే లెక్క. 2011లో ఆరుముగం సేర్వై కేసు తమిళనాడు నుంచి వచ్చింది. అక్కడ ఒక దళిత కులం పేరునే తిట్టుగా వాడారు. అట్లా వాడటం నేరమేనని సుప్రీంకోర్టు చెప్పింది. మన పేర్లకు జరిగేది అచ్చంగా అదే. 2020లో హితేశ్ వర్మ కేసు మాత్రం మనకు హెచ్చరిక లాంటిది. నాలుగు గోడల మధ్య, బయటివాళ్ళు లేని చోట అన్న మాట ఈ సెక్షన్ కిందికి రాదని, భూమి తగాదాలో తిట్టుకున్నంత మాత్రాన అవతలివాడు ఎస్సీ కాబట్టి కేసు కాదని, కులం కారణంగానే అవమానించాలని కోర్టు అంది. కాబట్టి ఫిర్యాదులో ఎక్కడ అన్నాడు, ఎవరు విన్నారు, ఏ మాట అన్నాడు అనేవి స్పష్టంగా రాయకపోతే కేసు నిలవదు. ఉపాధ్యాయులు ఊళ్ళో ఫిర్యాదులు రాసిపెడుతుంటారు గనుక ఇది ముఖ్యంగా వాళ్ళ కోసం.

2018 మార్చి 20న సుప్రీంకోర్టు ఈ చట్టం దుర్వినియోగమవుతోందని అరెస్టుకు ముందస్తు అనుమతి కావాలంది. ఏప్రిల్ 2న దళితులు, ఆదివాసులు భారత్ బంద్ చేశారు. ఉత్తరాదిలో ప్రాణాలు పోయాయి. ఆగస్టులో పార్లమెంటు చట్టాన్ని సవరించింది, 2019 అక్టోబరు 1న కోర్టే తన ఆదేశాలను వెనక్కి తీసుకుంది, 2020 ఫిబ్రవరిలో సవరణ చెల్లుతుందని ఖాయం చేసింది. వరస గమనించండి. రోడ్డెక్కి మాట్లాడే హక్కు ఉండబట్టే, మనల్ని తిట్టే మాటకు గీసిన గీత నిలిచింది. ఈ రెండూ విరోధులని ఎవరైనా అంటే ఈ రెండేళ్ళ చరిత్ర చూపించండి. రిజర్వేషన్ వద్దని వాదించేవాడితో వాదించాలి. నలుగురిలో మన తెగ పేరు పెట్టి తిట్టేవాడి మీద ఫిర్యాదు ఇవ్వాలి. మొదటివాడి మీద కేసు పెడితే అది నిలవదు, రెండోవాడితో వాదన పెట్టుకుంటే నవ్వులపాలయ్యేది మనమే.

ఇప్పుడు తిట్లు రచ్చబండ దగ్గర కంటే ఫోన్లలో ఎక్కువ. దాని మీద 2022 జూలైలో కేరళ హైకోర్టు ఒక ఉత్తర్వు ఇచ్చింది. షెడ్యూల్డ్ తెగకు చెందిన ఒక మహిళను కించపరుస్తూ ఒకతను యూట్యూబ్‌లో వీడియో పెట్టాడు. ఆమె అక్కడ లేదు కదా, అందరి ముందూ అన్నట్టు ఎట్లా అవుతుందని అతని తరఫు వాదన. ఇంటర్నెట్‌లో పెట్టిన మాటను జనం ఎప్పుడు తెరిచి చూస్తే అప్పుడు బాధితురాలు అక్కడ ఉన్నట్టే లెక్క అని న్యాయమూర్తి అన్నారు. అతనికి ముందస్తు బెయిలు ఇవ్వలేదు.